పాత లారీ ఇంజనుకు పిస్టన్ రింగులు ఎక్కించే పద్ధతి

గోదావరి డెల్టాలో రైసు మిల్లుల షెడ్ల వెనకా, కొబ్బరి తోటల పక్కనున్న పాకల్లోనూ ఏళ్ళ తరబడి నిలిచిపోయిన లారీలను మళ్ళీ రోడ్డెక్కించాలని ముచ్చటపడేవారు ఈమధ్య కనిపిస్తున్నారు. ఇలాంటివాటిలో పాత టాటా బళ్ళు ఎక్కువ. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ వరసలో వచ్చిన 692 ఇంజనుకు ఆరు సిలిండర్లు, 92 మి.మీ. బోరు (సిలిండరు రంధ్రం, దాని వ్యాసం), 120 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఉంటాయి, తరవాత వచ్చిన 697 ఇంజనుకు బోరు 97, స్ట్రోకు 128 మి.మీ. ఈ వ్యాసంలో లెక్కలు అవసరమైన చోట 692నే ఉదాహరణగా తీసుకున్నాను. మీ ఇంజను వేరేదైతే పద్ధతి మారదు, కొలతలు మాత్రం దాని సర్వీసు మాన్యువల్ ప్రకారమే తీసుకోవాలి.

బండి ఆయిలు తాగుతున్నా, పొగగొట్టం నుంచి నీలిపొగ వస్తున్నా, ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే లోపలినుంచి పొగ ఉఫ్ ఉఫ్‌మని తన్నుకొస్తున్నా రింగుల పని పడిందని అర్థం. నీలిపొగ ఒక్కటే కనబడి, మూత దగ్గర పొగ లేకపోతే వాల్వు గైడ్లను (వాల్వు కాడలు ఆడే గొట్టాలను) ముందు అనుమానించాలి. ఆ తేడా తేల్చుకోకుండా ఇంజను విప్పడం డబ్బు దండగ.

పిస్టన్ చుట్టూ చెక్కిన గాళ్ళలో కూర్చునే, ఒకచోట తెగి ఉన్న ఈ ఇనుప రింగు ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఈ పనిలో ప్రతి అడుగూ తప్పుదారి పడుతుంది కనుక, ఆ సంగతి ముందు చెప్పుకోవాలి. రింగు తన బిగువుతోనే బోరును అదిమిపట్టి గ్యాసును ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రింగుకు సొంతంగా ఉండే స్ప్రింగు బలం బోరు గోడను వదలకుండా ఉండేందుకు సరిపోతుందంతే. మంట అంటుకున్నప్పుడు పుట్టే గ్యాసు గాడిలోకి దిగి, రింగు వెనక్కి చేరి, దాన్ని గోడవైపు నెట్టడం వల్ల అసలు సీలు ఏర్పడుతుంది. అంటే గాడిలో రింగు స్వేచ్ఛగా కదలాలి, దాని వెనక్కి గ్యాసు వెళ్ళే దారి ఉండాలి, చివరల మధ్య సందు ఉండాలి. "ఇంకాస్త టైటుగా ఉంటే కంప్రెషన్ బాగుంటుంది కదా, గురువుగారూ!" అని షెడ్డులో కుర్రాళ్ళు అడుగుతూ ఉంటారు. రింగుల పనిలో జరిగే నష్టాల్లో పెద్ద వాటా ఆ ఆలోచనదే.

బోరు కొలత

కొత్త సెట్టు కొనేముందు బోరు సంగతి తేల్చుకోవాలి. బోరు అన్ని చోట్లా సమానంగా అరగదు. పిస్టన్ పైకి వెళ్ళి వెనక్కి తిరిగే చోట, పై రింగు ఆగే ఎత్తులో, అరుగుదల అన్నిటికంటే ఎక్కువ. కిందికి వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. డయల్ బోరు గేజి ఉంటే ఆరు సిలిండర్లనూ పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. గేజి లేనివారికి ఒక కొత్త రింగు, ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకుల కట్ట) ఉంటే చాలు, ఆ పని చాలావరకు అవుతుంది. రింగును బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దాని తలతో రింగును సమంగా కిందికి నెట్టి, రింగులు అసలు రాయని అడుగు భాగంలో సందు కొలవాలి. తరవాత అదే రింగును అరుగుదల ఎక్కువున్న పై భాగంలో నిలిపి మళ్ళీ కొలవాలి. రెండు కొలతల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసం ఎంత పెరిగిందో వస్తుంది. కింద 0.40 మి.మీ., పైన 1.00 మి.మీ. సందు వచ్చిందనుకుంటే తేడా 0.60, బోరు సుమారు 0.19 మి.మీ. అరిగినట్టు. ఈ పద్ధతిలో బోరు గుండ్రతనం పోయిందా లేదా అన్నది తెలియదు గాని, కొత్త రింగులతో సరిపెట్టుకోవచ్చా, లేతు షాపుకు వెళ్ళక తప్పదా అన్నది తెలిసిపోతుంది.

అరుగుదల మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే, బోరింగ్ (బోరును కోసి పెద్దది చేయడం) చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడమో, లైనర్లు (సిలిండరు లోపల తొడిగే గొట్టాలు) మార్చడమో చేయాలి. అరిగిన బోరులో కొత్త రింగు పిస్టన్ పైకి వెళ్ళినప్పుడల్లా విచ్చుకుని, కిందికి వచ్చినప్పుడల్లా ముడుచుకుంటూ గాడిలో అటూ ఇటూ కొట్టుకుని, కొద్ది వేల కిలోమీటర్లకే మళ్ళీ పాత కథ మొదలవుతుంది. అరిగిన బోరులో సందు తగ్గించడానికి ఓవర్‌సైజు రింగులు తెచ్చి, చివరలు ఆకురాయితో అరగదీసి ఎక్కించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ రింగు గుండ్రంగా కూర్చోదు. బోరులో పెట్టి కింద నుంచి బల్బు వెలుగు చూపిస్తే రింగుకూ గోడకూ మధ్య నెలవంకల్లా వెలుతురు కనబడుతుంది. ఆ పని చేయవద్దు.

బోరు పై అంచున, రింగు చేరని చోట, అరగని లోహం చిన్న గట్టులా నిలిచి ఉంటుంది. గోటితో కిందినుంచి పైకి రాస్తే గోరు తగిలి ఆగుతుంది. పాత రింగు తన అంచు కూడా అరిగి గుండ్రబడిపోయింది కాబట్టి ఆ గట్టును తాకకుండా తిరిగింది. కొత్త రింగు అంచు పదునుగా ఉంటుంది కనుక మొదటి రోజే ఆ గట్టుకు కొట్టుకుని విరుగుతుంది, లేదా పిస్టన్ గాడి అంచును విరగ్గొడుతుంది. అందుకని గట్టును రిడ్జ్ రీమరు అనే కోత పనిముట్టుతో తీయాలి. పిస్టన్లను పైకి లాగకముందే తీయాలి. లేకపోతే పిస్టన్లు బయటికి వచ్చేటప్పుడే పాత రింగులు గట్టుకు తగిలి గాళ్ళు దెబ్బతింటాయి.

హోనింగ్, కడగడం

బోరు కొలతలు హద్దులో ఉంటే హోనింగ్ (రాళ్ళు బిగించిన పనిముట్టుతో గోడ మీద సన్నని గీతలు పెట్టడం) మాత్రం చేయాలి. ఏళ్ళ తరబడి నడిచిన గోడ అద్దంలా నున్నగా మారి ఉంటుంది. ఆ నునుపు మీద ఆయిలు నిలవదు, కొత్త రింగు కుదురుకోదు. డ్రిల్లుకు హోను తగిలించి, నెమ్మది వేగంతో తిప్పుతూ, డీజిలు గాని హోనింగ్ ఆయిలు గాని ధారగా పోస్తూ, పైకీ కిందికీ ఒకే లయలో ఆడించాలి. గీతలు ఒకదాన్నొకటి సుమారు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో దాటుకుంటూ కనిపించాలి. గీతలు మరీ అడ్డంగా వస్తే చెయ్యి పైకీ కిందికీ ఆడే వేగం చాలలేదన్నమాట. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంజనులోనే ఉంటే దాని మీద నూనె పట్టించిన గుడ్డలు కప్పాలి.

హోనింగ్ తరవాత కడగడంలో చేసే బద్ధకం ఇంజనుకు ప్రాణాంతకం. రాయి నుంచి రాలిన పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరసనాయిలుతోనో డీజిలుతోనో తుడిస్తే అది మరింత లోపలికి దిగుతుందే గాని బయటికి రాదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, గట్టి కుచ్చుల బ్రష్షు తీసుకుని గిన్నె తోమినట్టు తోమాలి. ఆ తరవాత తెల్లటి పాత పంచె ముక్కకు కొంచెం ఆయిలు పట్టించి గోడంతా తుడిచి చూడాలి. గుడ్డ మీద బూడిద రంగు కనిపించినంతసేపూ మళ్ళీ కడగవలసిందే. కాటన్ వేస్టు వాడకండి. దాని పీచులు ఆయిలు దారుల్లో చేరుతాయి. గుడ్డ తెల్లగా వచ్చిన మరుక్షణం గోడలకు ఇంజను ఆయిలు పూయాలి. మెట్టప్రాంతంలో ఈ చివరి మాటకు కాస్త ఆలస్యం చెల్లుతుందేమో గాని, కాలవలు, చెరువులు, సముద్రపు గాలి కలిసిన కోనసీమ తేమలో చెల్లదు. శ్రావణమాసంలో కడిగిన బోరును భోజనం చేసి వచ్చి పూద్దామని వదిలేస్తే తిరిగొచ్చేసరికి గోడ మీద ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది.

పిస్టన్ గాళ్ళు

పాత పిస్టన్లనే వాడుతుంటే గాళ్ళలో గట్టిపడ్డ మసి తీయాలి. విరిగిన పాత రింగు ముక్క చివరను ఉలిలా సాన పట్టుకుంటే అదే మంచి పనిముట్టు. గాడి అడుగున మసి పోవాలి గాని, పక్క గోడల అల్యూమినియం మీద గీత పడకూడదు. రింగు పైకీ కిందికీ ఆనుకుని సీలు చేసేది ఆ పక్క గోడలతోనే. ఆయిలు రింగు (గోడ మీది ఆయిలును గీకే కింది రింగు) గాడిలో వెనక ఉండే రంధ్రాలన్నిటినీ సన్నని డ్రిల్లు బిట్టుతో చేత్తో తిప్పుతూ శుభ్రం చేయాలి. గోడ నుంచి గీకిన ఆయిలు సంపులోకి (అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి) తిరిగి వెళ్ళేది ఆ రంధ్రాల గుండానే కాబట్టి, అవి మూసుకుపోయి ఉంటే ఎంత ఖరీదైన ఆయిలు రింగు వేసినా బండి ఆయిలు తాగడం మానదు.

తరవాత కొత్త రింగు బయటి అంచును గాడిలో పెట్టి పిస్టన్ చుట్టూ దొర్లించాలి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. రింగును గాడిలోకి పూర్తిగా నొక్కితే దాని ముఖం పిస్టన్ ఉపరితలం కంటే కొంచెం లోపలికి పోవాలి. ఆపైన రింగుకూ గాడి గోడకూ మధ్య ఫీలర్ గేజి దూర్చి సందు కొలవాలి. సమాంతర అంచుల రింగులకు మామూలుగా ఇది 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది, పై రింగుకు కాస్త ఎక్కువ ఇస్తారు. 0.15 దాటితే ఆ పిస్టన్‌ను పక్కన పెట్టడం మేలు. రెండంచులూ లోపలికి ఏటవాలుగా ఉండే కీస్టోన్ రింగులకు ఈ కొలత పద్ధతి పనికిరాదు, వాటికి తయారీదారు చెప్పిన విధానమే పాటించాలి.

చివరల సందు

ఈ పనిలో నేను అందరికంటే ఎక్కువ సమయం తీసుకునే చోటు ఇదే. పెట్టెలోంచి తీసిన రింగు సైజు సరైనదే అయినా, ప్రతి రింగునూ అది వెళ్ళబోయే సిలిండరులోనే పెట్టి కొలిచి, సిలిండరు నంబరు రాసిన కాగితం మీద ఉంచుకోవాలి. కొలత బోరులో అరుగుదల అతి తక్కువగా ఉన్న చోట, అంటే రింగు ప్రయాణం ముగిసే కింది భాగంలో తీసుకోవాలి. పైన కొలిచి సరిపోయిందనుకుంటే, రింగు కిందికి దిగినప్పుడు చివరలు ఒకదానికొకటి తగులుతాయి.

ఈ సందు ఎందుకు కావాలో లెక్క చూస్తే భయం పోతుంది. 92 మి.మీ. బోరులో రింగు చుట్టుకొలత సుమారు 289 మి.మీ. పోత ఇనుము ప్రతి డిగ్రీకీ తన పొడవులో దాదాపు లక్షో వంతు సాగుతుంది. పనిచేసే వేళ పై రింగు లైనరు గోడ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, అది అదనంగా సుమారు 0.3 మి.మీ. సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు సందు 0.2 ఇచ్చి ఉంటే వేడిలో చివరలు ఒకదాన్నొకటి నెట్టుకుని, రింగు గోడకు గట్టిగా అదుముకుపోయి, గోడ గీరుకుంటుంది; చివరికి రింగు విరుగుతుంది, కొన్నిసార్లు పిస్టన్ అంచునూ వెంట తీసుకుపోతుంది. సందు 0.1 ఎక్కువైతే మహా అయితే కొంచెం గ్యాసు కిందికి జారుతుంది. సందు తక్కువైతే ఇంజను పోతుంది. ఈ రెంటినీ ఒకే తూకంలో వేయకూడదు.

మాన్యువల్ దొరకనప్పుడు డీజిలు ఇంజన్లకు 100 మి.మీ. బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. అన్న లెక్క పట్టుకుంటారు. కాబట్టి 92కు 0.3 నుంచి 0.4 లోపు వస్తుంది. బరువులు లాగే బండికి నేనైతే పై రింగుకు ఆ హద్దులో ఎక్కువ వైపే ఉంచుతాను.

సందు తక్కువగా ఉంటే ఆకురాయితో సరిచేయాలి. సన్నని పళ్ళ చదును ఆకురాయిని వైసులో నిలువుగా బిగించి, రింగు రెండు చివరలనూ దానికి రెండు వైపులా ఆనించి, రింగునే కదపాలి. రాయడం ఎప్పుడూ బయటి ముఖం నుంచి లోపలివైపుకు, ఒకే దిశలో సాగాలి. లోపలి నుంచి బయటికి రాస్తే ముఖం మీది క్రోము పొర పెచ్చు లేస్తుంది. నాలుగైదు రాపిళ్ళకొకసారి బోరులో పెట్టి కొలవాలి. చివరలు ఒకదానికొకటి సమాంతరంగా నిలవాలి. చివర్న అంచుల మీద మిగిలిన గరుకును నూనెరాయితో మెల్లగా తుడవాలి.

పిస్టన్ మీదికి

రింగులకంటే ముందు పిస్టన్ పిన్ను ఎక్కించి, క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డుతో జోడించి, పిన్నుకు రెండువైపులా కొత్త లాకులు వేయాలి. పిన్ను బిగువుగా ఉంటే పిస్టన్‌ను వేడి నీళ్ళలో కాసేపు ఉంచితే చేత్తోనే దూరుతుంది. సుత్తితో కొట్టే పని ఉండదు. పిస్టన్ తల మీది బాణం గుర్తు, రాడ్డు మీది నంబరు ఏ దిక్కుకు ఉండాలో విప్పేటప్పుడే రాసిపెట్టుకుని ఉంటే ఇక్కడ తడుముకోనక్కరలేదు.

సెట్టులోని రింగులన్నీ ఒకటి కావు. పై రింగు ముఖానికి సాధారణంగా క్రోము పూత ఉంటుంది. లైనరుకు కూడా క్రోము పూత ఉంటే ఆ రింగు వాడకూడదు. క్రోము మీద క్రోము రాసుకుంటే రెండూ చెడతాయి. రెండోదీ మూడోదీ ముఖం కొద్దిగా ఏటవాలుగా ఉండేవో, కింది అంచున మెట్టు ఉండేవో అయి ఉంటాయి. ఇవి కిందికి దిగేటప్పుడు ఆయిలును గీకి, పైకి వెళ్ళేటప్పుడు దాని మీదుగా జారిపోతాయి. తలకిందులుగా ఎక్కిస్తే ఇదే పని తిరగబడి, ఆయిలును మంటలోకి ఎక్కిస్తాయి. అందుకే వాటి మీద 'టాప్' అన్న గుర్తో, చుక్కో ఉంటుంది. ఆ వైపు పిస్టన్ తలవైపు ఉండాలి. గుర్తు అరచేతిలో కనబడక వదిలేసేవాళ్ళున్నారు. ఎండలో వాల్చి చూడండి, కనిపిస్తుంది. కొన్ని పాత పిస్టన్లలో పిన్నుకు కింద కూడా ఒక రింగు ఉంటుంది, దాన్ని మరవకూడదు.

ఎక్కించడం కిందినుంచి పైకి జరగాలి. ముందు ఆయిలు రింగు. దాని వెనక చుట్ట స్ప్రింగు ఉండే రకమైతే ముందు స్ప్రింగును గాడిలో కూర్చోబెట్టి, దాని అతుకు రింగు సందుకు సరిగ్గా ఎదుటి పక్కకు వచ్చేలా చూసి, ఆపైన రింగు వేయాలి. మిగిలినవాటిని రింగు ఎక్స్‌పాండరుతో, పిస్టన్ మీదుగా జారడానికి ఎంత కావాలో అంతే విప్పి వేయాలి. ఒక చివర గాడిలో దూర్చి రింగును మెలితిప్పుతూ చుట్టేయడం చాలా షెడ్లలో అలవాటు. పోత ఇనుము రింగు అలా మెలిపడితే విరగకపోయినా వంకర మిగిలిపోయి, ఇక ఎప్పటికీ గాడిలో చదునుగా కూర్చోదు. ఎక్కించాక ప్రతి రింగునూ వేలితో గాడి చుట్టూ తిప్పి చూడాలి, ఆగకుండా తిరగాలి.

సందుల దిక్కులు

రింగుల సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా, మూడు రింగులైతే 120 డిగ్రీల చొప్పున, చుట్టూ పంచాలి. పిన్ను రంధ్రాల మీదికి గాని, పిస్టన్ గోడను బలంగా ఒత్తే పక్కకు గాని సందు రాకూడదు. ముందునుంచి చూస్తే గడియారం ముళ్ళ దిశలో తిరిగే ఇంజనులో, మంట తోపుకు పిస్టన్ బండి కుడి పక్కకు, అంటే మన బళ్ళలో డ్రైవరు కూర్చునే వైపుకు, ఒరుగుతుంది. పై రింగు సందు ఆ వైపుకు రాకుండా చూడండి. ఇంజను నడుస్తుంటే రింగులు మెల్లగా తమంతట తాము తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఈ అమరిక శాశ్వతం కాదు. అయినా మొదటి స్టార్టింగుకూ, రింగులు కుదురుకునే తొలి గంటలకూ ఇది అవసరం.

బోరులోకి

రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడగాలి. లేకపోతే దిగేటప్పుడు బోల్టు మర క్రాంక్ మీద గీత పెడుతుంది. ఆ సిలిండరు క్రాంక్ పిన్నును కింది స్థానానికి తెచ్చి, పిస్టన్‌ను, రింగులను, బోరును ఆయిలుతో తడిపి, రింగులను గాళ్ళలోకి అదిమిపట్టే రింగు కంప్రెసరును పిస్టన్‌కు చుట్టి బిగించాలి. కంప్రెసరు అడుగు అంచు బ్లాకు మీద అన్ని వైపులా ఆనుకుని ఉండాలి. ఆ తరవాత సుత్తి కర్రపిడి వెనక భాగంతో పిస్టన్ తలమీద మెల్లమెల్లగా తట్టాలి. ప్రతి రింగు లోపలికి దిగినప్పుడూ చిన్న మెత్తటి కదలిక చేతికి తెలుస్తుంది. ఒక్కసారిగా గట్టిగా ఆగిపోతే ఒక రింగు కంప్రెసరు నుంచి తప్పించుకుని బ్లాకు అంచు మీద కూర్చుందన్నమాట. ఇంకో దెబ్బ వేయకండి. పిస్టన్‌ను వెనక్కి తీసి, రింగును చూసి, మళ్ళీ మొదలుపెట్టండి.

రాడ్డు క్యాపు అదే రాడ్డుది కావాలి, నంబర్లు ఒకే వైపుకు రావాలి. మాన్యువల్‌లోని టార్కు (బోల్టు బిగించే బలం) ప్రకారం టార్కు రెంచితోనే బిగించాలి. ఒక్కో పిస్టన్ వేశాక క్రాంకును చేత్తో పూర్తిగా తిప్పి చూడాలి. బరువు కొంచెం కొంచెంగా పెరుగుతూ రావాలి. ఒక్క పిస్టన్ దగ్గర ఉన్నట్టుండి పెరిగితే ఆ పిస్టన్‌ను బయటికి తీయవలసిందే. ఆరూ వేశాక వెతకబోతే అది ఏదో తెలుసుకోవడానికి రోజంతా పడుతుంది.

రింగులు కుదురుకోవడం

ఇంజను సిద్ధం కాగానే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, స్టార్టు చేసి, వచ్చినవాళ్ళందరూ చూసేలా గంటసేపు ఐడిలింగులో వదిలేయడం మన దగ్గర ఆనవాయితీ. కొబ్బరికాయ కొట్టండి గాని, ఆ గంట ఐడిలింగు మాత్రం వద్దు. రింగు వెనక్కి చేరే గ్యాసు ఒత్తిడి బరువు లాగేటప్పుడే బలంగా ఉంటుంది, ఆ ఒత్తిడితోనే రింగు ముఖం హోనింగ్ గీతల మీద రుద్దుకుని కుదురుతుంది. ఊరికే తిరిగితే ఆయిలు గోడ మీద కాలి, మళ్ళీ అదే నునుపు పొర కడుతుంది. స్టార్టు చేశాక ఆయిలు ప్రెషరు, నీళ్ళ లీకులు చూసుకుని, ఇంజను వేడెక్కగానే రోడ్డు మీదికి తీసుకెళ్ళాలి.

డెల్టాలో ఎత్తులూ దిగువలూ లేవు కనుక ఖాళీ లారీని ఎంత తిప్పినా ఇంజనుకు పని పడదు. సగం లోడు ధాన్యం బస్తాలో కొబ్బరికాయలో వేసుకుని, రావులపాలెం నుంచి తణుకు వైపు హైవే మీద పై గేర్లలో మెల్లని వేగం నుంచి ఓ మోస్తరు వేగానికి లాగి, మళ్ళీ తగ్గించి, మళ్ళీ లాగుతూ పోవాలి. గోదావరి వంతెనల మీదికెక్కే చిన్నపాటి ఎత్తులు కూడా ఇందుకు పనికొస్తాయి. పూర్తి లోడు, పూర్తి వేగం రెండూ మొదట వద్దు. ఈ దశలో సింథటిక్ ఆయిలు వాడవద్దు, మామూలు మినరల్ ఆయిలు పోయాలి. 500 కిలోమీటర్లకు ఆయిలు, ఫిల్టరు మార్చి, తీసిన ఆయిలును తెల్లటి పళ్ళెంలో పోసి ఎండలో చూడాలి. సన్నని మెరుపు ఉండటం సహజమే, కంటికి కనిపించే పెచ్చులు ఉండకూడదు. అప్పటినుంచి వారానికొకసారి డిప్‌స్టిక్ కొలత రాసుకుంటూ పోతే ఆయిలు వాడకం మొదట కాస్త ఎక్కువగా ఉండి, క్రమంగా తగ్గి ఒకచోట నిలుస్తుంది. అది నిలిచేదాకా బండిని పూర్తి లోడుకు పంపకూడదు.

ఎయిర్ క్లీనరు సంగతి కూడా ఈ పనిలో భాగమే. ఈ పాత బళ్ళకు ఆయిలు గిన్నె రకం ఎయిర్ క్లీనర్లు ఉంటాయి. వరి నూర్పుల కాలంలో, ఇసుక ర్యాంపుల దగ్గర తిరిగే రోజుల్లో ఆ గిన్నెలో అడుగున బురద పేరుకుంటుంది. గిన్నె విప్పి, కడిగి, కొత్త ఆయిలు గీత వరకు పోసి, మూత కింద గాస్కెట్ సరిగా కూర్చుందో లేదో, క్లీనరు నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టం ఎక్కడైనా పగిలిందో ఏమో చూడండి. ఆ గొట్టంలో చిన్న పగులున్నా గాలితోపాటు వచ్చే ఇసుక నేరుగా పై రింగు మీదికే చేరుతుంది.